బీచ్‌కి టికెట్ పెట్టాలా? పెడితే ఆ డబ్బు ఎవరి చేతికి?

కూకట్‌పల్లి కుర్రాడు:
మన హైదరాబాద్‌కి సముద్రం లేదు. అందుకే వీకెండ్ వస్తే చాలు, సూర్యలంకకు పరుగు. మొన్న వెళ్తే పార్కింగ్‌లో ఎటు చూసినా మన తెలంగాణ బండ్లే. ఇసుకలో చెప్పుల్లేకుండా నడవాలంటే భయం వేసింది. పగిలిన బీరు సీసాలు, బిర్యానీ ప్యాకెట్లు, అలల్లో కొట్టుకొస్తున్న డైపర్. మనిషికి యాభై రూపాయల టికెట్ పెట్టి ఆ డబ్బుతో తీరాన్ని కాపాడాలి. కేబీఆర్ పార్కుకి కొంటున్నాం కదా, బీచ్‌కి కొనలేమా?

ఉప్పల్ మాస్టారు:
నేను ఒప్పుకోను. సముద్రపు ఒడ్డు అందరిదీ. ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని 1996లో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. 2023 జులైలో రుషికొండ బీచ్‌కి 20 రూపాయల టికెట్ అనగానే విశాఖ జనం భగ్గుమన్నారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మీ లెక్కన ఐదుగురున్న ఇంటికి రెండు వందల యాభై. ఖర్చు లేకుండా పిల్లలకు చూపించగలిగేది సముద్రం ఒక్కటే అనుకునేవాళ్ల సంగతేంటి?

జాలారిపేట అమ్మాయి:
మాది విశాఖ, పెళ్లయ్యాక నిజాంపేటలో ఉంటున్నాం. టికెట్ పెట్టాలా వద్దా అన్నదానికంటే డబ్బు ఎవరిస్తారు, ఎక్కడికి పోతుంది అన్నదే నాకు ముఖ్యం. కరేబియన్‌లో బొనైర్ అనే దీవి ఉంది. అక్కడ 1992 నుంచి డైవర్ల దగ్గర రుసుము తీసుకుని సముద్ర పార్కుకే వాడుతున్నారు. లంగరు వేస్తే పగడాలు విరిగిపోతాయని, పడవలు కట్టుకోవడానికి నీళ్లలో తేలే బోయాలు పెట్టారు. డబ్బు ఎటు పోయిందో ఇచ్చినవాడి కళ్లకు కనిపిస్తుంది. ఈక్వెడార్ దేశానికి చెందిన గాలాపాగోస్ దీవుల్లో 2024 ఆగస్టు నుంచి ప్రవేశ రుసుము విదేశీయులకు 200 డాలర్లు, సొంత దేశం వాళ్లకు 30.

మన తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. రాత్రిపూట ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. తెల్లారేలోపు ఎవరో ఒకరు వెతికి, కుక్కల పాలు కాకుండా హేచరీకి, అంటే గుడ్లను భద్రంగా పొదిగించే చోటికి చేర్చాలి. పిల్లలు బయటికొచ్చేదాకా ఏడెనిమిది వారాలు కాపలా కాయాలి. అవి వెలుతురు ఉన్నవైపు పాకుతాయి. ఒడ్డున రిసార్టు లైట్లుంటే సముద్రం వదిలేసి అటే పోయి చస్తాయి.

అలాంటప్పుడు అలలు చూడ్డానికొచ్చిన కుటుంబం ఎందుకు కట్టాలి? రిసార్టు గది మీద వేయండి. గుడ్ల మీదుగా తిరిగే ఏటీవీల (ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండ్ల) మీద, జెట్‌స్కీల మీద, కార్ల పార్కింగ్ మీద వేయండి. బస్సులో వచ్చేవాళ్లకు, వేటకెళ్లే జాలరికి పైసా ఉండకూడదు.

ఉప్పల్ మాస్టారు:
అలాగైతే నాకు అభ్యంతరం లేదమ్మా. కానీ పార్కింగ్ అనగానే వేలం పాట పెడతారు. పాడుకున్నవాడు వసూలు చేసుకుని పోతాడు, చెత్త మాత్రం అక్కడే ఉంటుంది.

జాలారిపేట అమ్మాయి:
అందుకే పాట వద్దంటున్నాను మాస్టారూ. ఆ ఊరి మత్స్యకార సంఘమే వసూలు చేయాలి. ఖాతా విడిగా ఉండాలి. గుడ్లకు కాపలా కాసే కుర్రాళ్ల కూలి, చెత్త ఎత్తే ఆడవాళ్ల జీతం ముందు అందులోంచే పోవాలి. నెలనెలా లెక్క పార్కింగ్ దగ్గరే బోర్డు మీద రాయాలి.

కూకట్‌పల్లి కుర్రాడు:
అలా బోర్డు పెడితే కారుకి రెండు వందలైనా ఇస్తాను.