దూబగుంటను కదిలించింది పాఠమా, కడుపుమంటా?

పెన్నగట్టు:
మొన్న ఒక పుస్తకావిష్కరణ సభలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, “రాతల వల్ల సమాజం మారిన దాఖలా ఒక్కటి చూపించండి” అన్నారు. అందరూ నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం దూబగుంట గుర్తొచ్చింది.

కుర్రాళ్ల కోసం రెండు ముక్కలు. దూబగుంట నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఉంది. 1991లో జిల్లాలో చదువురాని పెద్దవాళ్ల కోసం అక్షరదీపం పేరుతో రాత్రి బడులు పెట్టారు. వాళ్లకిచ్చిన వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల చితికిపోయిన సంసారం కథ. అది చదివి, దాని మీద మాట్లాడుకుని, ఆ ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. తర్వాత వాళ్ల కథే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. 1992లో జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. పెద్దాయనకు ఈ దాఖలా చాలదా?

గోళీసోడా:
చాలదు. మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని ఆ ఆడవాళ్లకు వాచకం చూస్తేనే తెలిసిందా? సర్కారే ‘వారుణి వాహిని’ అని పేరు పెట్టి సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ పంపించింది. పాలప్యాకెట్ దొరకని ఊళ్లో సారా ప్యాకెట్ దొరికేది. కూలి డబ్బులు గడప తొక్కకముందే కొట్టు దగ్గర ఖర్చయిపోతుంటే ఎవరు మాత్రం ఎన్నాళ్లు ఊరుకుంటారు? పాఠం లేకపోయినా ఆ గొడవ జరిగేదే. రాసేవాళ్లు ప్రతి ఉద్యమాన్నీ తమ ఖాతాలో వేసుకోవడం మానాలి.

నిమ్మతోట:
సోడా గారూ, కోపం సరే. కానీ ఆ కోపం అంతకుముందు ఏళ్ల తరబడి ఉన్నదే కదా. మరి 92లోనే ఎందుకు పేలింది?

మాది దూబగుంట కాదు, అదే జిల్లాలో ఇంకో ఊరు. మా అమ్మ రాత్రి బడికి వెళ్లేది. కూడు తిని, గిన్నెలు బోర్లించి, పలక చంకలో పెట్టుకుని నన్ను వెంటేసుకుని పోయేది. రామాలయం అరుగు మీద ఒకటే లాంతరు. పది, పదిహేను మంది ఆడవాళ్లు. పొద్దంతా నాట్లేసిన చేతులు కదా, బలపం గట్టిగా నొక్కి పుటుక్కున విరిచేసేవాళ్లు. సారా పాఠం వచ్చిన రోజు మాత్రం పలకలు పక్కన పెట్టేశారు. చదువు చెప్పే అబ్బాయి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివించాడు. సగంలోనే ఒకావిడ “ఇది మా ఇంటి సంగతే, పుస్తకంలోకి ఎట్టా వచ్చిందబ్బయ్యా?” అంది. పక్కావిడ “నీ ఒక్కదాని ఇల్లేనా?” అంది. ఆ రోజు పాఠం పూర్తి కాలేదు.

అంతకుముందు ఎవరి ఏడుపు వాళ్ల గోడల మధ్యే ఉండేది. మొగుడి పరువు, పిల్లల పెళ్లిళ్లు, సవాలక్ష అడ్డంకులు. అచ్చులో చూశాక అది నలుగురూ మాట్లాడుకోదగ్గ విషయం అయింది. పాఠం చేసిన పని అంతే. అదేమన్నా చిన్న పనా?

సీమగాలి:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. ఊళ్లో జరిగింది ఊళ్లోనే ఆగిపోకుండా చూసింది పత్రిక. ఈనాడు రోజుల తరబడి ఆ వార్తలకే చోటిచ్చింది. సారా వేలం జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డుకున్న సంగతి హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు తెలిసింది అలాగే. అదీ రాతే కదా. కాకపోతే ఆ రాత వెనక యజమాని లెక్కలు యజమానికి ఉంటాయి. ఓట్ల లెక్కలూ అంతే. 1994 డిసెంబరు ఎన్నికల్లో ఎన్టీఆర్ మద్యనిషేధం హామీతో గెలిచారు, 1995 జనవరిలో అమలు చేశారు. ఆ వారుణి వాహిని తెచ్చింది కూడా ఆయన ప్రభుత్వమే! 1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధం సడలించింది. పాఠానికి అంత బలమే ఉంటే రెండేళ్లకే ఎందుకు చప్పబడింది?

గోళీసోడా:
అదీ మాట. ఇప్పుడు ఏ ఊరి సెంటర్‌కైనా వెళ్లి చూడండి, ముందు కనిపించేది వైన్‌షాపే.

పెన్నగట్టు:
చట్టం నిలబడకపోవడం పాఠం తప్పెలా అవుతుంది? ఖజానాకు ఆ డబ్బు కావలసి వచ్చింది, తలుపు తెరిచారు. కాకపోతే నేను మొదట రాసిన వరస మార్చుకుంటాను. పాఠం చదివారు, కొట్టు మూశారు అన్నట్టు రాశాను. నిమ్మతోట గారు చెప్పిన ఆ అరుగు మధ్యలో లేకపోతే రెండోది జరిగేది కాదు. అదే కథను ఏ వారపత్రికలోనో వేసి ఉంటే చదివి పక్కన పడేసేవాళ్లం. ఇంకో సంగతి. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆ పాఠం రాసిన చెయ్యి ఎవరిదో మనలో ఎంతమంది అడిగాం?

సీమగాలి:
నిమ్మతోట గారూ, మీ అమ్మగారు తర్వాత చదువు కొనసాగించారా?

నిమ్మతోట:
లేదండీ. బడి ఆగిపోయింది, బలపాలు నేనే అరగదీశాను. అమ్మకు పేపరు చదవడం రాదు. సంతకం మాత్రం పోలేదు. పోయిన నెల బ్యాంకులో గుమస్తా తొందరపడి ఇంకు ప్యాడ్ ముందుకు తోశాడు. అమ్మ దాన్ని వెనక్కి జరిపి పెన్ను అడిగింది. నాలుగక్షరాలకు రెండు నిమిషాలు పట్టింది. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు విసుక్కున్నారు కూడా.