ఇండోనేషియా బడిపిల్లల భాషకు ఇంగ్లీషు వల్ల నిజంగా ముప్పు ఉందా?

ప్రశ్న – జకార్తా ప్రవాసి
ఉద్యోగరీత్యా జకార్తాలో ఉంటున్నాను. మా పక్కింటి పిల్లలు యూట్యూబు చూసి నేర్చిన ఇంగ్లీషులోనే ఆడుకుంటారు. వాళ్ళ అమ్మమ్మ ఏదైనా అడిగితే తల్లి కల్పించుకుని చెప్పవలసి వస్తోంది. 1928 అక్టోబరు 28న యువజన ప్రతిజ్ఞలో ఐక్యతా భాషగా స్వీకరించి, 1945 రాజ్యాంగంలో ప్రభుత్వ భాషగా నిలుపుకున్న ఇండోనేషియన్ భాషకు ఈ గతి పడుతుందా? ఇక్కడి బడుల సంగతి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – పాత విద్యార్థి
జకార్తాలోని కలిగిన ఇళ్ళను చూసి దేశమంతటికీ తీర్పు చెప్పలేమండీ. 'అంతర్జాతీయ ప్రమాణం' పేరిట ఇంగ్లీషులో పాఠాలు చెప్పిన ప్రభుత్వ బడుల విధానాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 2013 జనవరిలో కొట్టివేసింది. అది దేశభాషను పలచబరుస్తుందన్నది అందుకు చూపిన కారణాల్లో ఒకటి. అయితే ఆ తీర్పు ఫోను దాకా రాదు కదా! యోగ్యకర్త నగరంలో ఒక మిత్రుడి కొడుకు నోటుపుస్తకం చూశాను. 'ఇంట్లో' అనే అర్థంలో 'ది రుమాహ్' అని విడదీసి రాయాలి. 'తినబడు' అనే 'దిమకాన్' మాత్రం కలిపి రాయాలి. వాట్సాప్‌లో అన్నీ కలిపేసే అలవాటుతో ఆ అబ్బాయి 'దిరుమాహ్' అని రాస్తే, పంతులమ్మ పేజీకి నాలుగు చోట్ల ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. పిల్లలు భాషను మరిచిపోలేదు, కబుర్ల భాషకూ పుస్తక భాషకూ మధ్య గీతను మరుస్తున్నారు. నాకు కనిపించిన అసలు నష్టం అదే.

జవాబు – పదాల పిచ్చి
కొత్త మాటల విషయంలో ఇండోనేషియన్లను మెచ్చుకోవాలి. డౌన్‌లోడుకు వాడే 'ఉందుహ్' జావా దీవి ప్రజల భాషలో చెట్టు నుంచి కాయ కోయడం. ఫోను మీటపైనే ఆ మాట కనిపిస్తుంది కనుక పిల్లలు ఆలోచించకుండా వాడతారు. సెల్ఫీకి 'స్వాఫోతో' అన్నారు (ఆ 'స్వ' మన సంస్కృతపు 'స్వ'యే!), కానీ అది పత్రికల్లోనే ఎక్కువ, నోళ్ళలో సెల్ఫీయే. తెరపైకి ముందుగా చేరిన మాటే నిలుస్తుందని నా నమ్మకం.

జవాబు – సులవేసి మిత్రుడు
ఇంకో వైపు కూడా చూడండి. ఏడు వందలకు పైగా ఉన్న ప్రాంతీయ భాషల్లో చాలావాటిని ఇంగ్లీషు కంటే ముందు నెడుతున్నది ఇండోనేషియన్ భాషే. జావా ఇళ్ళలో పెద్దలతో మాట్లాడవలసిన 'క్రమ' మర్యాదరూపం పిల్లలకు రాక, వాళ్ళు తాతగారితో ఇండోనేషియన్‌లోకి జారుకుంటారు. దేశభాషకు పెద్దపీట వేయండి, ప్రాంతీయ భాషలను కాపాడండి, విదేశీ భాషలలో పట్టు సాధించండి అని ప్రభుత్వ భాషాసంస్థ మూడూ కలిపే చెబుతుంది. బడి సమయపట్టికలో మాత్రం రెండోదానికి వారానికి ఒకటో రెండో గంటలు దొరికితే గొప్ప.