సన్నగానే ఉన్నాను, షుగర్ ఎందుకు? కొవ్వులో తెల్లరక్తకణాలకు ఏం పని?

లెక్కల మాస్టారు, భీమవరం:
ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 64 కిలోలు, నడుము 94 సెంటీమీటర్లు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.3 శాతం వచ్చింది, అంటే షుగర్ అంచున ఉన్నానట. పొట్ట కొవ్వులో వాపు ఉందని, అక్కడ చేరిన తెల్లరక్తకణాలు షుగర్ పెంచుతున్నాయని డాక్టరు గారన్నారు. నాకు నొప్పి లేదు, జ్వరమూ లేదు. క్రిములతో పోరాడవలసిన కణాలు కొవ్వులో ఏం చేస్తున్నట్టు?

పాథాలజీ టీచరమ్మ:
శవాలు ఎత్తుతున్నాయి మాస్టారూ! కొవ్వుకణం ఉబ్బి ఉబ్బి చివరికి చచ్చిపోతుంది. దాన్ని తినేయడానికి మాక్రోఫేజ్‌లు అనే తెల్లరక్తకణాలు వచ్చి చుట్టూ కిరీటంలా కూర్చుంటాయి. స్లైడు మీద ఒక్కసారి చూస్తే మరచిపోరు. సన్నని ఎలుకల కొవ్వులోని కణాల్లో ఇవి పదో వంతు కూడా ఉండవనీ, విపరీతంగా లావెక్కినవాటిలో సగం దాటిపోతాయనీ 2003లో తేలింది.

వచ్చినవి ఊరికే ఉండవు. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా వంటి రసాయనాలను వదులుతాయి. దాంతో ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టినా ఆ కబురు కణం లోపలికి చేరదు. కండరాలు గ్లూకోజును సరిగా తీసుకోవు, కాలేయం మాత్రం తయారు చేస్తూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కొవ్వులోనూ రోగనిరోధక కణాలుంటాయి, అయితే వాటిలో గొడవను అణచి ఉంచేవే ఎక్కువ.

పుణె కోడలు:
బరువు చూసి మోసపోకండి. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మన మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు.

లెక్కల మాస్టారు, భీమవరం:
అయితే వాపు తగ్గించే మాత్ర వేసుకుంటే సరిపోదా? మా తోడల్లుడు రోజూ పసుపు పాలు తాగమంటున్నారు.

పాథాలజీ టీచరమ్మ:
పాలు తాగండి, రుచిగా ఉంటాయి. మాత్రల సంగతి అంత తేలిక కాదు. ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన సాల్సలేట్‌ను మధుమేహుల మీద దాదాపు ఏడాదిపాటు పరీక్షిస్తే, 2013లో వచ్చిన ఫలితాల్లో హెచ్‌బీఏ1సీ సుమారు 0.37 శాతం పాయింట్లు తగ్గింది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ మాత్రం కొంత పెరిగింది, అది కిడ్నీల విషయంలో మంచి గుర్తు కాదు. కనాకినుమాబ్ అనే, వాపు తగ్గించే ఖరీదైన ఇంజెక్షన్ గుండెపోట్లను తగ్గించింది కానీ, షుగర్ అంచున ఉన్నవారికి అది రాకుండా ఆపలేకపోయింది. కొవ్వు అలాగే ఉంటే దాని చుట్టూ చేరేవాళ్ళూ ఉంటారు. సొంతంగా మాత్రలు మింగకండి. భోజనంలో అన్నం తగ్గించి, నడక పెంచి, మూడు నెలల తర్వాత నడుము కొలత, హెచ్‌బీఏ1సీ రెండూ పట్టుకుని మళ్ళీ మీ డాక్టరు దగ్గరికే వెళ్ళండి.