అప్‌డేట్: శ్రీకాకుళం నుంచి అండమాన్, పెద్దవాళ్లతో

అమ్మానాన్నలతో బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహలు చూడగలమా అని అడిగాను కదా. చూసొచ్చాం. చూడొచ్చు, కానీ ఆ రోజు ఇంకేదీ పెట్టుకోవద్దు.

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి బండ్లను కాన్వాయ్‌గానే వదులుతారు. మొదటిది అందాలంటే పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) తెల్లారకముందే బయల్దేరాలి. తప్పితే తర్వాతి కాన్వాయే, తిరుగు ప్రయాణం కూడా ఇరుకైపోతుంది. దారిలో వచ్చే జరావా ఆదివాసుల రిజర్వులో బండి ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు, వాళ్లకి తిండి ఇవ్వకూడదు. అవతల ఫెర్రీ, మడ అడవుల మధ్య పడవ, ఆపైన కిలోమీటరు పైచిలుకు నడక. వానపడితే దారి జారుతుంది, పట్టున్న బూట్లే వేయించండి. లోపల చీకటి, టార్చి ఉండాలి. వేలాడే రాతిధారల్ని ముట్టుకోనివ్వకండి: చేతి జిడ్డు అంటితే అక్కడ సున్నం పేరుకోదు.

పోర్ట్‌బ్లెయిర్‌లో బ్రిటిష్‌వాళ్లు కట్టిన సెల్యులార్ జైలుకి పూట పూర్తిగా ఇవ్వండి. 1906లో పూర్తయిన ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. ఒక రెక్క ముఖం పక్కదాని వీపుకి ఉంటుంది, ఖైదీలు ఒకరికొకరు కనబడకుండా. ఖైదీ గది గడియ తలుపుకి దూరంగా గోడ గూట్లో పడుతుంది, లోపలినుంచి చెయ్యి అందదు. అది దగ్గరగా చూపించండి పిల్లలకి.

డిసెంబరులో అయిదింటికే పొద్దుగూకుతుంది, బీచిలు ముందే చూసేయండి.