మొదటి ఆఫ్రికా సఫారీ: ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకు సొంత జీపా, పంచుకునే జీపా?

నెల్లూరి పిల్ల (బెల్లందూరు, బెంగళూరు):
అందరికీ నమస్కారం. ఎన్నాళ్ళుగానో వాయిదా పడుతున్న కెన్యా ప్రయాణం ఈసారి ఖాయం. మసాయి మారా అభయారణ్యం ముఖ్యం, వీలైతే నైవాషా సరస్సు. ఒక్కదాన్నే వెళ్తున్నాను. దాని మీద చర్చ వద్దు, అది తేలిపోయిన విషయం. నైరోబీ ఏజెంట్ రెండు ధరలు పంపాడు. నలుగురైదుగురు కొత్తవాళ్ళతో కలిసి వ్యానులో అయితే ఒక ధర. నాకోసమే డ్రైవరుతో ల్యాండ్ క్రూజర్ అయితే దాదాపు రెట్టింపు. గదిలో ఒక్కరే ఉన్నందుకు అదనపు రుసుము రెండింటిలోనూ ఉంది. అంత తేడా పెట్టడం అవసరమా?

ఇంకో సంగతి. ఉదయం ఆరింటికి బయల్దేరితే మధ్యాహ్నం దాకా బండిలోనే ఉంటారట. మరుగుదొడ్డి మాటేమిటి? నెలసరి రోజులైతే? నేను చదివిన యాత్రా కథనాలు ఎక్కువగా మగవాళ్ళవి, ఈ ముక్క ఎవరూ రాయలేదు.

రాజ్యలక్ష్మి (జయనగర, బెంగళూరు):
సంతోషం అమ్మా. బ్యాంకు నుంచి పదవీ విరమణ చేశాక నేనూ కెన్యా, టాంజానియా చూశాను. ఒంటరిగా కాదు, డజను మంది ఆడవాళ్ళం కలిసి. నా మాట వింటే సొంత జీపూ వద్దు, ఏజెంట్ జతచేసే కొత్తవాళ్ళూ వద్దు. ఆడవాళ్ళ బృందంతో వెళ్ళండి. నైరోబీ నుంచి మారాకు రోడ్డు మీద అయిదారు గంటల ప్రయాణం. నరోక్ ఊరు దాటాక ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ముక్కూ మొహం తెలియని డ్రైవరుతో అంత దూరం ఒక్కరే కూర్చోవాలి. ఏమీ జరగకపోవచ్చు. కానీ అద్దంలో అతని కళ్ళు చూస్తూ కూర్చుంటే కిటికీలో జిరాఫీ కనబడదు.

ఇక ఖర్చు. మారా ప్రవేశ రుసుము విదేశీయులకు జూలై నుంచి డిసెంబరు దాకా రోజుకు 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ దాకా 100. ఎవరితో వెళ్ళినా అది తగ్గదు. తగ్గేది వాహనం ఖర్చు, గది ఖర్చు. ఇంకొకరితో గది పంచుకుంటే ఆ ఒంటరి రుసుము కూడా ఉండదు.

కబిని కెమెరా:
వాహనం తర్వాత, ముందు నెల తేల్చుకోండి. జూలై చివరి నుంచి అక్టోబరు లోపు వెళ్ళాలి. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు (గడ్డి మేసే పెద్ద జింకలు) పచ్చిక వెతుక్కుంటూ టాంజానియాలోని సెరెంగెటీ నుంచి ఉత్తరాన మారాకు వస్తాయి. అవి మారా నది దాటడం చూడకుండా తిరిగి రావడమంటే తిరుమల వెళ్ళి దర్శనం మానేసి లడ్డూ కొనుక్కుని రావడమే. కెమెరా ఏది? లెన్సు ఎంత పొడవు?

సింధూర (మారతహళ్లి, బెంగళూరు):
పంచుకునే వ్యానులో వెళ్ళి వచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను, రెట్టింపు అయినా సొంత వాహనమే తీసుకోండి. నాతో పాటు వ్యానులో మన దేశం నుంచే వచ్చిన ఒక కుటుంబం ఎక్కింది. నైరోబీ పొలిమేర దాటకముందే మొదలుపెట్టారు. పెళ్ళయిందా, ఎందుకు కాలేదు, జీతమెంత, ఇంట్లోవాళ్ళు ఎలా పంపారు. మూడో రోజు ఒక చిరుత ఇంపాలా జింకను నోట కరచుకుని చెట్టెక్కుతోంది. ఇంపాలా కాళ్ళు కొమ్మకు తట్టుకుంటే ఒక్క క్షణం ఆగి పట్టు మార్చుకుంది. సరిగ్గా అప్పుడు ఆ కుటుంబంలోని ఆవిడ నా భుజం తట్టి వాళ్ళ మరిది కొడుకు ఫోటో చూపించింది. అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడట.

నేను తలెత్తేసరికి చిరుత ఆకుల్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళాయన అప్పటికే "సింహం ఎప్పుడు?" అని డ్రైవరును తొందరపెడుతున్నాడు. సొంత బండిలో అయితే ఒకే చెట్టు దగ్గర రెండు గంటలు కూర్చున్నా అడిగేవాళ్ళు ఉండరు. ఆ రెట్టింపు డబ్బు పెట్టేది భద్రత కోసం కాదు, ఆ రెండు గంటల కోసం.

మైసూరు రోడ్డు:
బన్నేరుఘట్టలో బస్సు సఫారీ ఉంది. చౌక. సింహం కూడా కనబడుతుంది.

పెసరట్టు:
అక్కడ రాత్రి పడుకునే గుడారానికి తాళం ఉంటుందా?

రాజ్యలక్ష్మి:
చూశారా, అసలు ప్రశ్న ఇది. చాలా విడిదుల్లో ఉండదు. జిప్పు లాగితే తెరుచుకుంటుంది. చుట్టూ కంచె కూడా ఉండదు. తోడు కావాలని నేను అన్నది ఇందుకే.

సింధూర:
మీ బృందానికి ఇచ్చే గుడారాలకు ఇనుప తలుపులు పెడతారా రాజ్యలక్ష్మి గారూ? అదే గుడ్డ, అదే జిప్పు. చీకటి పడ్డాక భోజనానికి వెళ్ళాలంటే టార్చ్ పట్టుకుని కాపలా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, తిరిగి తెచ్చి దింపుతాడు. ఒంటరి ఆడదాన్నని కాదు, ఆరడుగుల మగవాడికైనా అదే నియమం. గుడారంలో ఈల పెడతారు. భయమేస్తే ఊదడమే.

రాజ్యలక్ష్మి:
ఆ కాపలా మనిషే తలుపు తడితే ఎవరికి ఊదాలి?

పెసరట్టు:
నేను అడిగింది కోతుల గురించి. జిప్పు తీస్తాయని విన్నాను.

వనవాసి:
తీస్తాయి. లోపల తినేవి పెట్టకండి, రెండు జిప్పుల కొసలూ కలిపి చిన్న కొక్కెం తగిలించండి. ఏనుగులు, సింహాలు మూసి ఉన్న గుడారాన్ని గట్టి గోడలాగానే చూస్తాయి, సాధారణంగా జోలికి రావు. ప్రమాదమల్లా రాత్రి మనం బయటికి వస్తేనే. నీటి ఒడ్డున ఉన్న విడిదుల్లో మరీ జాగ్రత్త. నీటి ఏనుగులు రాత్రిపూట మేతకు గట్టెక్కుతాయి. వాటికీ నీళ్ళకీ మధ్య మనిషి అడ్డొస్తే ఊరుకోవు.

కోరమంగళ డాక్టర్:
తాళాల గొడవ ముగిశాక ఇది కూడా చదవండి. పసుపు జ్వరం (ఎల్లో ఫీవర్) టీకా వేయించుకున్న పది రోజులకు గాని సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. ఇథియోపియా మీదుగా వస్తూ అక్కడ విమానాశ్రయం దాటి బయటికి వెళ్ళినా ఇదే తంతు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, మన వీధి క్లినిక్‌లో కాదు. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చాలు, 2016 నుంచి నియమం అది. మలేరియా మాత్రలు ఏవి సరిపడతాయో మీ డాక్టరును అడగండి. కొన్ని ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి, తిరిగి వచ్చాక కూడా మింగాలి.

కబిని కెమెరా:
నెల గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

పార్క్‌లాండ్స్ వాసి (నైరోబీ):
ఏలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినదాన్ని. నెల్లూరి అమ్మాయి మొదటి పోస్టులో అడిగిన రెండో ప్రశ్నకు ఇంతమందిలో ఒక్కరూ జవాబు చెప్పలేదు. నేను చెబుతాను.

మారా ప్రవేశద్వారాల దగ్గర మరుగుదొడ్లు ఉంటాయి. మధ్యలో అవసరమైతే డ్రైవరుతో ఆగాలని చెబితే చాలు. అతను నాలుగు వైపులా చూసి, పొదలు లేని బయలులో ఆపి, మొహం అటు తిప్పుకుంటాడు. బండి వెనక చక్రం పక్కన పని కానిచ్చుకోవాలి. ఇక్కడి గైడ్లు దీన్ని టైరు చూసుకోవడం అంటారు. అలా అడిగితే ఎవరూ నవ్వరు. కాగితం, నెలసరి గుడ్డలు అక్కడ పడేయకూడదు, విడిదికి తెచ్చేయాలి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, కాబట్టి లోపల తడి అంటని జిప్పు గుడ్డ సంచి ఒకటి ఇంటి నుంచే తెచ్చుకోండి. వదులైన పొడవు కుర్తా వేసుకుంటే ఆ కాసేపు మరుగు కూడా ఉంటుంది. సొంత బండికీ, పంచుకునే బండికీ నాకు తెలిసిన పెద్ద తేడా ఇదే. అక్కడ ఆపమని అయిదుగురు వినేలా అడగాలి.

ఇక మొదటి ప్రశ్న. రెండే దారులు ఉన్నట్టు మాట్లాడుకుంటున్నారు. మూడోది ఉంది. నైరోబీలో విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానం ఎక్కితే గంట లోపే మారాలో దిగుతారు. విడిది వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు. అలాంటి చోట్ల సఫారీ ఖర్చు విడిది ధరలోనే కలిసి ఉంటుంది. బండి వాళ్ళది, గైడ్ వాళ్ళ ఉద్యోగి, పక్క సీట్లలో అదే విడిదిలో దిగినవాళ్ళు. ఒక పూట నచ్చకపోతే రెండో పూట మార్చమని అడగవచ్చు. విమానం టికెట్ అదనం, అది నిజమే. సామాను 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. చక్రాల పెట్టె పనికిరాదు. విడిదిని రిజర్వులో కాక దాన్ని ఆనుకుని ఉన్న కన్జర్వెన్సీల్లో (ప్రైవేటు అభయారణ్యాల్లో) ఎంచుకుంటే ఒక జంతువు దగ్గర ఇన్నే బండ్లు ఉండాలనే పరిమితి ఉంటుంది.

మగ డ్రైవరే సమస్య అనుకుంటే ఆడ గైడ్లు కూడా ఉన్నారు. బోట్స్వానాలో చోబే గేమ్ లాడ్జ్ గైడ్లందరూ ఆడవాళ్ళే. సెరెంగెటీలో డునియా క్యాంపును నడిపేది ఆడవాళ్ళు. ఆఫ్రికా మగవాళ్ళను తలుచుకుని ఇంత వణకడం నాకు కాస్త కష్టంగానే ఉంది. నైరోబీ నగరంలో చీకటి పడ్డాక కాలినడకన తిరగవద్దు, అది నేనూ పాటిస్తాను. అడవిలో గైడ్లు వేరు, వాళ్ళ బతుకుతెరువే మీరు క్షేమంగా తిరిగి వెళ్ళడం.

నెల్లూరి పిల్ల:
ఏలూరు అక్కా, దండాలు. ఇది కావాలి నాకు.

రాజ్యలక్ష్మి:
ఎవరూ వణకడం లేదమ్మా. జాగ్రత్త చెబితే భయపెట్టినట్టు ఎప్పుడయింది? ముప్పై ఏళ్ళు కౌంటరులో కూర్చుని జనాన్ని చూసినదాన్ని. ఒంటరి ప్రయాణం గొప్పగా రాసేవాళ్ళు బాగా జరిగిందే రాస్తారు. జరగరానిది జరిగితే పోస్టు ఉండదు.

సింధూర:
ఇక అడిగేస్తాను. మీరు ఆడవాళ్ళ బృందాలను తీసుకెళ్తారు. ఇంతమందిని చేర్చితే మీ టికెట్ ఉచితం. ఆ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే తోడు గురించి మీ ఉపన్యాసం మాకు వేరేగా వినిపించేది.

రాజ్యలక్ష్మి:
అవును, తీసుకెళ్తాను. నా పరిచయంలో రాసే ఉంది, చదవకపోవడం మీ తప్పు. టికెట్ ఉచితం, గది ఉచితం. దానికి నేను చేసే పని కూడా వినండి. బసవనగుడిలో ఒకావిడ. యాభై దాటాయి. వాళ్ళింట్లో సోఫాలో కూర్చుని ఆవిడ భర్తకు, అత్తగారికి ఏ హోటలు, ఎవరు డ్రైవరు, రోజుకు ఎన్నిసార్లు ఫోను చేయిస్తాను, అన్నీ అప్పజెప్పాలి. అంతా విని, కాఫీ తాగి, వాళ్ళు తలూపితే గాని ఆవిడ పాస్‌పోర్టు బీరువాలోంచి బయటికి రాదు. ఆ బీరువా తాళం ఆవిడ దగ్గర ఉండదు. మీరు జిప్పు గురించి వాదిస్తున్నారు.

ఒక్కదాన్నే పోతాను అనే స్తోమత మీకుంది, పొండి. నా బృందం లేకపోతే ఆవిడ టాంజానియాలో న్గోరోంగోరో కాదు, శ్రీరంగపట్నం కూడా చూడదు.

సింధూర:
నాకు గిట్టనిది సరిగ్గా అదే. మీరు ఆ సోఫాలో కూర్చుని అప్పజెప్పే లెక్కే మా అందరికీ కొలబద్ద అవుతోంది. నేను వెళ్తానంటే మా నాన్న అన్నది ఏమిటో తెలుసా? "జయనగరలో ఎవరో పెద్దావిడ తీసుకెళ్తారట, ఆవిడతో అయితే సరే." నా అద్దె నేను కట్టుకుంటాను, నా పన్ను నేను కట్టుకుంటాను, అయినా ఒక పెద్దావిడ హామీ ఉండాలి. కొత్తవాళ్ళను చూసి భయపడమంటారు మీరు. నేను తిరిగిన చోటల్లా నా ప్రాణం తోడేసింది మనవాళ్ళే. ఆ వ్యానులో డ్రైవరు ఒక్కడే నన్ను పెళ్ళి గురించి అడగలేదు.

రాజ్యలక్ష్మి:
మీ నాన్నగారితో పేచీ ఉంటే వెళ్ళి ఆయనతో తేల్చుకోండి. నా మీద తీర్చుకోకండి.

తాతగారి పెళ్ళికొడుకు:
పెళ్ళి చేసుకుని ఇద్దరూ కలిసి వెళ్తే ఒంటరి రుసుము కూడా ఉండదు కదా.

నిర్వాహకుడు:
పైన వ్యాఖ్య రాసిన సభ్యుడికి వారం పాటు ప్రవేశం లేదు. మిగతావాళ్ళు సొంత ఇళ్ళ సంగతులు తగ్గించి విషయం మాట్లాడండి.

పార్క్‌లాండ్స్ వాసి (నైరోబీ):
సొంత ఇళ్ళ సంగతులే ఇక్కడ విషయం, నిర్వాహకుడు గారూ. బసవనగుడి ఆవిడకు బృందం కావాలి, సింధూరకు బృందం వద్దు. ఒకరికి మేలు చేసేది ఇంకొకరికి సంకెల అవుతోంది. ఇందులో ఏనుగుల పాత్ర లేదు.

రాజ్యలక్ష్మి:
సంకెల అనేది పెద్ద మాట. నేను ఒప్పుకోను.

సింధూర:
నేను ఒప్పుకుంటాను.

నెల్లూరి పిల్ల:
మీ ఇద్దరి మధ్య నా జీపు దిగబడిపోయింది కాబట్టి నేనే బయటికి లాక్కుంటున్నాను. ఏలూరు అక్క చెప్పిన మూడో దారిలోనే వెళ్తున్నాను. నైవాషా మానేశాను, ఆ డబ్బు చిన్న విమానానికి పోయింది. ఫిబ్రవరిలో వెళ్తున్నాను, రుసుము సగం, జనం తక్కువ. వీసా బదులు 2024 నుంచి ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి తీసుకోవాలట, దరఖాస్తు పెట్టాను. విడిది వాళ్ళకు ఉత్తరం రాసి రెండు అడిగాను. ఒకటి, ఉదయం బండిలో ఆడవాళ్ళతో కూర్చోబెట్టగలరా అని. రెండు, టైరు చూసుకోవడం గురించి. రెండింటికీ మామూలుగా జవాబిచ్చారు, ఆ మామూలుతనమే నచ్చింది.

అమ్మకు నిన్న చెప్పాను. ఆవిడ మొదటి ప్రశ్న పులులు ఉంటాయా అని. ఆఫ్రికా అడవుల్లో పులులు ఉండవు అన్నాను. అయితే సరే అంది. సింహాల గురించి అడగలేదు, నేను చెప్పలేదు.

రాజ్యలక్ష్మి:
విడిది ఫోను నంబరు ఇంట్లో రాసి పెట్టి వెళ్ళండి అమ్మా. ఇది భయపెట్టడం కాదు.

సింధూర:
నంబరు రాసి పెట్టండి. అది నేనూ చేస్తాను.

పెసరట్టు:
ఈల వాళ్ళే ఇస్తారా, మనం కొనుక్కోవాలా?

కబిని కెమెరా:
ఫిబ్రవరిలో పెద్ద మందలు మారాలో ఉండవు, నది దాటడం ఉండదు. అప్పుడవి దక్షిణాన న్డుటు మైదానాల్లో ఈనుతుంటాయి. అది టాంజానియా. దేశం మార్చుకోండి, ఇంకా సమయం ఉంది.

నెల్లూరి పిల్ల:
టికెట్ కొనేశానండీ.