చిత్తడి నేలల వర్గీకరణ: ఒకే చెరువు రెండు మూడు రకాల కిందికి వస్తే ఏ పేరు రాయాలి?

జమ్ముదుబ్బు అడిగిన ప్రశ్న:

ఒక వాగు పరీవాహక ప్రాంతంలోని చెరువులు, కుంటలు, మడుగులు, ఊటలు అన్నిటినీ మ్యాపు మీదికి ఎక్కించి, ఒక్కోదానికీ రకం రాస్తున్నాం. రామ్‌సర్ పట్టికలో (చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం వాడే జాబితా) 42 రకాలున్నాయి కదా అని దాంతోనే మొదలుపెట్టాం. మూడు చోట్ల పని ఆగింది.

పెద్ద చెరువొకటి ఉంది. నడుమ తేట నీళ్లు, అంచుల్లో జమ్ము, ఎగువన నీళ్లలో నిలబడ్డ చెట్లు. దాన్ని సరస్సు అనాలా, రెల్లు చిత్తడి అనాలా, చెట్ల చిత్తడి అనాలా? రెండోది, వానల తర్వాత మూడు నాలుగు నెలలే నిండే కుంటలు. ఎండాకాలంలో వెళ్తే అక్కడ పచ్చిక తప్ప ఏమీ కనిపించదు. మూడోది, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల మీద ఎన్‌డీడబ్ల్యూఐ (నీటిని గుర్తించే సూచిక) తీస్తే జమ్ము ఉన్న మేరంతా పొడినేలగా వచ్చింది. వీటిని ఎలా సరిచేయాలి?

నీటిమట్టం:

మీ చిక్కంతా మొదటే పేరు పెట్టాలనుకోవడంలో ఉందండీ. పేరు చివర రాయండి. ముందు ఒక్కో పాలిగానుకు (మ్యాపు మీద హద్దు గీసిన ముక్కకు) విడివిడి కాలమ్‌లు నింపండి: నేల రూపు (పల్లమా, వాలా, నది పక్క మైదానమా, సరస్సు అంచా), నీరు ఎక్కణ్నుంచి వస్తోంది (వాన, భూగర్భ జలం, వరద, సముద్రపు ఆటుపోట్లు), ఏడాదిలో ఎన్ని నెలలు ఉంటోంది, ఉప్పదనం, పైన ఏం పెరుగుతోంది, మనిషి చేసిన మార్పు. రూపు, నీటి రాక, నీటి కదలిక అనే మూడింటి మీదే 1993లో అమెరికా శాస్త్రవేత్త బ్రిన్సన్ తన చిత్తడి వర్గీకరణ పద్ధతిని నిలబెట్టాడు. ఈ కాలమ్‌లు సరిగ్గా ఉంటే రేపు పట్టిక మారినా మళ్లీ పొలం గట్ల వెంట తిరగక్కర్లేదు.

మొక్కలను ఆఖరున పెట్టమనడానికి కారణముంది. జమ్ము రెండు మూడేళ్లలో వచ్చేస్తుంది, ఒక కరువుతో పోతుంది. పల్లం మాత్రం పల్లంగానే ఉంటుంది.

పెద్ద చెరువు సంగతి. దాన్ని ఒకే పాలిగానుగా ఉంచకండి, మూడుగా కోసి మూడింటికీ ఒకే సముదాయ సంఖ్య ఇవ్వండి. ఎక్కడ కోయాలన్నదానికి అమెరికాలో వాడే కౌవార్డిన్ వర్గీకరణ పద్ధతిలో గట్టి గీతలున్నాయి. చెట్లు, పొదలు, నీటిపైకి లేచే మొక్కలు కలిసి 30 శాతం మేర కప్పితే అది సరస్సు వ్యవస్థలోకి రాదు, చిత్తడిలోకి వెళ్తుంది. అంతకన్నా తక్కువ కప్పి, విస్తీర్ణం 8 హెక్టార్లకు తగ్గకుంటే సరస్సు వ్యవస్థ. 8 కన్నా చిన్నదైనా, నీరు బాగా తగ్గినప్పుడు కూడా లోతైన చోట 2.5 మీటర్లు మించితే అదీ సరస్సు కిందికే. 1979 నాటి మూల ప్రతిలో ఈ లోతు 2 మీటర్లు, 2013లో మార్చారు. పాత కాపీ చూసి పనిచేసేవాళ్లు ఇక్కడే తప్పుతారు.

ఉప్పదనానికి ఈసీ మీటరు (నీటి విద్యుద్వాహకతను కొలిచేది) చాలు. 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు సుమారు 800 మైక్రోసీమెన్స్ దాటితే మంచినీటి గీత (లీటరుకు అర గ్రాము ఉప్పు) దాటినట్టే. వాన వెలిసిన మర్నాడు కొలిచిన అంకెను మాత్రం నమ్మొద్దు, ఎండాకాలంలో ఇంకోసారి కొలవండి. సముద్రానికి దగ్గరి కాలువల్లో పైన, అడుగున రెండు చోట్లా చూడాలి. ఉప్పునీరు బరువు, అడుగున పడి ఉంటుంది.

మట్టిపొర:

ఎండిపోయిన కుంటల సంగతి మట్టే చెబుతుందండీ. పారతో 50 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, పక్క గోడ నుంచి ఒక పలక కోసి చూడండి. నెలల తరబడి నీళ్లు నిలిచిన నేలలో గాలి ఉండదు. సూక్ష్మజీవులు ఇనుమును కరిగే రూపంలోకి మారుస్తాయి, ఎరుపు పోయి మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. వేళ్లు గాలిని కిందికి దింపిన దారుల వెంట మాత్రం ఇనుము మళ్లీ తుప్పుపడుతుంది. పలకను విరిస్తే బూడిద మట్టిలో వేరు చుట్టూ సన్నని నారింజ గొట్టంలా కనిపించేది అదే. బతికున్న వేరు చుట్టూ అది కనిపిస్తే ఈ మధ్య కూడా నీళ్లు నిలిచాయనే లెక్క.

రంగును మున్సెల్ పుస్తకంతో (మట్టి రంగుల నమూనాలున్నది) పోల్చండి. క్రోమా (రంగు గాఢత అంకె) 2 లేదా అంతకు తక్కువై, తుప్పు మచ్చలూ ఉంటే చిత్తడి అనడానికి బలమైన ఆధారం. మట్టి ఎండి ఉంటే కాస్త నీళ్లు చల్లి తడిపాకే, నేరుగా ఎండ వెలుతురులో చూడాలి. ఎండిన మట్టి లేత రంగు చూపిస్తుంది. నీలి బూడిద రంగు మట్టినైతే తవ్విన వెంటనే చూడండి, గాలి తగిలితే నిమిషాల్లో రంగు మారొచ్చు.

మోసపోయే చోట్లు రెండు. ఇనుము తక్కువున్న ఇసుక నేలలో చిత్తడైనా మచ్చలు రావు. పైగా, కాలువ తవ్వి నీళ్లు తీసేసిన భూమిలో పాత మచ్చలు దశాబ్దాలు చెక్కుచెదరవు. అందుకే మట్టి ఒక్కదాన్నే చూసి తేల్చకుండా చెట్ల మొదళ్ల మీది నీటి చారలు, కంపకు చిక్కుకున్న వరద చెత్త కూడా రాసుకోండి.

పిక్సెల్:

జమ్ము మాయమవడం ఆ సూచిక స్వభావమేనండీ, మీ పొరపాటు కాదు. ఎన్‌డీడబ్ల్యూఐ ఆకుపచ్చ కాంతి బ్యాండును (సెంటినెల్-2లో 3వది) సమీప పరారుణంతో (8వది) పోలుస్తుంది. పరారుణాన్ని నీరు పీల్చుకుంటుంది, పచ్చని ఆకు వెనక్కి కొడుతుంది. ఆకు కింద మోకాటి లోతు నీళ్లున్నా విలువ సున్నా కిందికే పోతుంది. అక్కడ సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ వాడండి. నిటారు కాడలకూ కిందనున్న నీటికీ రెండుసార్లు తగిలి వెనక్కొచ్చే సంకేతం మామూలు కన్నా ప్రకాశంగా ఉంటుంది. దట్టమైన చెట్ల కింద ఆ తరంగం నీటిదాకా చేరదు, అక్కడికి నడిచి వెళ్లాల్సిందే.

నీరుండే నెలల కోసం ప్రతి పిక్సెలుకూ (చిత్రంలోని ఒక్కో చిన్న గడికీ) నీరు కనిపించిన సార్లను, మబ్బు లేకుండా కనిపించిన సార్లతోనే భాగించండి. మొత్తం చిత్రాల సంఖ్యతో భాగిస్తే నీరు తక్కువగా వస్తుంది. అది సరిచేసినా ఇంకో లోపముంది. మబ్బులేని చిత్రాలు ఎక్కువగా పొడికాలంలోవే. కాబట్టి ముందు ఏ నెలకు ఆ నెల లెక్కతీసి, ఆ తర్వాత పన్నెండు నెలల సగటు కట్టండి. 0.1 హెక్టారు అంటే 10 మీటర్ల పిక్సెళ్లు పదే. అంతకన్నా చిన్న కుంటలకు చిత్రాన్ని నమ్మకుండా చేత్తో గీయండి.

జమ్ముదుబ్బు:

కాలమ్‌లు ఈ రోజే మారుస్తాం. ఒక్క సందేహం: ఆ పెద్ద చెరువుకు నిజానికి కట్ట ఉంది. కట్ట ఉంటే రకం మారుతుందా?

నీటిమట్టం:

మారుతుంది, అదీ పట్టికను బట్టి. రామ్‌సర్‌లో కట్ట వేసి నిలిపిన నీరు మానవ నిర్మిత వర్గంలోకి పోతుంది. 8 హెక్టార్లు దాటితే 6వ రకం, చిన్నవి సాధారణంగా 2వ రకం. కౌవార్డిన్‌లో మాత్రం సరస్సు సరస్సుగానే ఉంటుంది, పక్కన ‘కట్టతో నిలిపినది’ అన్న గుర్తు చేరుతుంది. కాబట్టి కట్ట ఉందా లేదా అన్నది ఒక కాలమ్, తూము, అలుగు ఎత్తు ఇంకో కాలమ్‌గా పెట్టండి. అలుగు మట్టం దగ్గర చెరువు అంచు ఎక్కడిదాకా వస్తుందో అదే మీ పాలిగాను బయటి గీత. వెళ్లిన రోజు నీళ్లు ఎక్కడుంటే అక్కడ గీస్తే ప్రతి సర్వేకీ విస్తీర్ణం మారిపోతుంది.