స్కానర్‌లో రోజూ సాయంత్రం మొదలయ్యే గుర్రు, ఎవరికైనా అనుభవం ఉందా?

పటమట_శ్రోత
అందరికీ నమస్తే. మాది విజయవాడ పటమట, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోరు. పోయినేడు హ్యామ్ (సరదాకి సొంత రేడియోసెట్టు నడుపుకునే వాళ్ళ) పరీక్ష పాసయ్యి లైసెన్సు వచ్చింది కానీ ఇంకా పెద్ద సెట్టు కొనలేదు, ఒక పాత టేబుల్ స్కానరు (ఛానెళ్ళు వరసగా తిప్పుతూ ఏదైనా దొరికినచోట ఆగే రేడియో), ఒక ఆర్‌టీఎల్ డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే బుల్లి రేడియో), బాల్కనీ గ్రిల్లుకి బిగించిన గ్రౌండ్‌ప్లేన్ యాంటెన్నా, ఇదే నా సంసారం. ఎక్కువ టూ మీటర్ బ్యాండే (144-146 మెగాహెర్ట్జ్) వింటా, స్పేస్ స్టేషన్ మనమీదుగా పోయేటప్పుడు 145.800 పెట్టుకుని కూర్చుంటా.

సమస్య ఏంటంటే సాయంత్రం ఆరుంబావు అయ్యేసరికి గుర్ర్ర్ మని మొదలవుతుంది, బ్యాండంతా లేచిపోద్ది, స్కానరు ముందుకి కదలదు, రెండు ఛానెళ్ళకోసారి ఏదో దొరికినట్టు ఆగిపోతుంది, అక్కడ గుర్రు తప్ప ఏం ఉండదు. స్క్వెల్చ్ (ఒక హద్దుకన్నా నీరసమైన సౌండుని నొక్కేసే మీట) పెంచితే గుర్రు పోతుంది కానీ దాంతోపాటు నీరసంగా వచ్చే స్టేషన్లు కూడా పోతాయి. పొద్దున లేచేసరికి ఏమీ ఉండదు. పైనింట్లోకి కొత్తగా దిగినోళ్ళు నాలుగు గదుల్లో బీఎల్‌డీసీ ఫ్యాన్లు (లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూటుతో తిరిగేవి) పెట్టించారు, నా అనుమానం వాళ్ళమీదే. వెళ్ళి అడుగుతానంటే మా ఆవిడ వద్దంటోంది, ఏం చెయ్యమంటారు?

కోఠి_టంకం
మీ ఆవిడ మాట వినండి ముందు. నేను ముప్పై ఏళ్ళుగా ఈ గొడవల్లో ఉన్నా, పక్కింటోడి మీద పడ్డ ప్రతి పదిమందిలో ఏడుగురికి దొంగ సొంతింట్లోనే దొరికాడు (లెక్క నాదే, ఎవరూ సర్వే చెయ్యలేదు). బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి తీసుకోండి, గుర్రు వస్తున్నప్పుడు ఇంట్లో మెయిన్ ఆపెయ్యండి. ఆగిపోతే మీ ఇంట్లోదే. అప్పుడు ఎంసీబీలు ఒక్కోటీ వేస్తూ రండి, ఏ గదిదో తెలుస్తుంది, ఆ గదిలో ప్లగ్గులు ఒక్కోటీ పీకండి. టీవీ పెట్టె అడాప్టరు, వైఫై రూటర్ అడాప్టరు, ఫోన్ ఛార్జర్లు, దోమల బ్యాట్ ఛార్జింగు, అన్నీ అనుమానితులే. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి.

పటమట_శ్రోత
సార్ ఇప్పుడే చేశా, చేతిసెట్టు పట్టుకుని మెయిన్ ఆపా. తగ్గకపోగా పెరిగింది!! మొత్తం బ్యాండంతా జుయ్య్య్ మంటోంది. అంటే కరెంటు స్తంభం నుంచి వస్తున్నట్టేనా?

కోఠి_టంకం
ఇంట్లో ఇన్వర్టర్ ఉందా?

పటమట_శ్రోత
ఉంది సార్, హాల్లో. ఓ... 🤦

కోఠి_టంకం
మెయిన్ ఆపితే కరెంటు పోయిందనుకుని అది లేచింది కదయ్యా. బ్యాటరీ కరెంటుని కోసి కోసి ఏసీ చేసే పని దానిది, స్క్వేర్ వేవ్ రకమైతే ఇంకా ఘోరం. తప్పు నాదీ ఉంది, ముందే చెప్పాల్సింది. మన ఊళ్ళల్లో ఈ పరీక్ష చెయ్యాలంటే ముందు ఇన్వర్టర్ ముందుభాగంలో స్విచ్ ఆపి, తర్వాత మెయిన్ ఆపాలి. ఫ్యాన్లూ లైట్లూ మొత్తం చచ్చిపోయి ఇల్లు చీకటైతేనే పరీక్ష అయినట్టు.

తెనాలి_మీడియంవేవ్
కరెంటు స్తంభం అన్నారు కాబట్టి చెప్తున్నా, అది వేరే రకంగా ఉంటుంది. మా తాతగారికి పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ వినకపోతే కాఫీ దిగదు, రెండేళ్ళక్రితం ఎండాకాలంలో ఆ స్టేషన్ మీద బర్ర్ మని ఒకటే రొద. వాన పడ్డరోజు మాయం, మళ్ళీ ఎండ కాస్తే ప్రత్యక్షం. ఇన్సులేటరు దగ్గర బైండింగ్ తీగ వదులై నిప్పురవ్వలు కొడుతుంటే ఇట్లా అవుద్దంట, తడిస్తే ఆ సందు మూసుకుపోయి ఆగుద్దంట. మురికి పట్టిన ఇన్సులేటరు అయితే తిరగబడుద్ది, మంచుకీ జల్లుకీ పెరుగుద్ది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ రవ్వ సెకనుకి 100 సార్లు పడి మోటారు గురకలాగా వినిపిస్తుంది.

పట్టుకోవడానికి నేను పెద్ద సామాను ఏం వాడలేదు, తాతగారి రేడియోనే. లోపల యాంటెన్నాగా పనిచేసే నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది కదా, రేడియోని చేతిలో మెల్లగా తిప్పితే ఒక దగ్గర రొద ఠక్కున పడిపోద్ది, అప్పుడు కడ్డీ కొస ఎటు చూపిస్తుందో దొంగ ఆ గీత మీద ఉన్నట్టు. ఇటో అటో తెలీదు, అందుకని ఇంకో చోటికి నడిచి మళ్ళీ తిప్పాలి, రెండు గీతలు కలిసిన చోటు మా వీధి చివర స్తంభం. కానీ ఒకటి, మీడియం వేవ్‌లో ఆ రొద తీగల వెంబడి చాలా దూరం పాకుద్ది, ప్రతి స్తంభమూ దొంగలాగే కనపడుద్ది. దగ్గరికొచ్చాక వీహెచ్ఎఫ్ (టూ మీటర్ లాంటి పై ఫ్రీక్వెన్సీల) రేడియో ఉంటే అది వాడటం మేలు. లైన్‌మన్‌కి స్తంభం నంబరుతో సహా చెప్తే పైకెక్కి బిగించాడు, ఊరికే రేడియోలో సౌండ్ వస్తుందంటే నవ్వి పోయేవాడు. స్తంభాన్ని తన్నడం, ఊపడం మాత్రం చెయ్యొద్దు బాబూ, యూట్యూబ్‌లో చూసి ఎవడో చేశాడు.

డాలస్_తెలుగోడు
ఇక్కడ టెక్సస్‌లో నాకు పగలే నరకం, ఎదురింటి సోలార్ వల్ల. ఎండ రాగానే హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) మొత్తం లేస్తుంది, సూర్యుడు దిగగానే శాంతి. ఇండియాలో కూడా 2024లో పీఎం సూర్యఘర్ వచ్చాక ప్రతి డాబా మీదా పలకలే కదా, మీకూ ముందుముందు ఉంటుంది ఈ ముచ్చట. కానీ మీది రాత్రిది కాబట్టి సోలార్ కాదు.

టైముకి వచ్చే గుర్రు అంటే 2020లో వేల్స్‌లో అబెర్హోసన్ అనే పల్లెటూరి కథ గుర్తొస్తుంది. ఏడాదిన్నరపాటు రోజూ పొద్దున ఏడింటికి ఊరందరి బ్రాడ్‌బ్యాండూ పడిపోయేది, కేబుళ్ళు మార్చినా లాభం లేకపోయింది, చివరికి ఇంజనీర్లు స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని తెల్లారకముందే వానలో ఊరంతా తిరిగితే తేలిందేంటంటే ఒకింట్లో పాత టీవీ. వాళ్ళు లేవగానే దాన్ని ఆన్ చేసేవాళ్ళు.

పటమట_శ్రోత
అప్‌డేట్: ఇన్వర్టర్, మెయిన్ రెండూ ఆపి చూశా. కొంచెం తగ్గింది! రూటర్ అడాప్టర్ ఒకటి దొరికింది, డాంగిల్ వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్ళని కంప్యూటర్ తెరమీద గీసి చూపించే బొమ్మలో) సమాన దూరంలో నిలువు గీతలు కనపడేవి, అడాప్టరు వేడెక్కేకొద్దీ మెల్లగా పక్కకి జరిగేవి, అది పీకితే పోయాయి. కానీ అసలు సాయంత్రం గుర్రు మాత్రం అట్లాగే ఉంది. కాబట్టి బయటిదే. పైన ఫ్యాన్లు...

ఇంకో సంగతి, నా లాగ్‌బుక్ తిరగేస్తే నవంబరులో ఇదే గుర్రు ఐదున్నరకే మొదలైనట్టు రాసుకున్నా. ఇప్పుడు ఆరుంబావు.

బీచ్‌రోడ్డు_వీహెచ్ఎఫ్
ఈ ముక్క మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే బాగుండేది కదండీ 😄 మనుషులు వేసే సామాను గడియారం చూసి మొదలవుతుంది, ఆఫీసు నుంచి రావడం, సీరియల్ టైము, వంట. నవంబరులో ఐదున్నర, ఇప్పుడు ఆరుంబావు అంటే అది పొద్దుగూకడం చూసి మొదలవుతోంది. చీకటి పడగానే వెలిగేదేదో, పొద్దున ఆరిపోయేదేదో. లైట్లు! పైనింటి ఫ్యాన్లని వదిలెయ్యండి పాపం.

ఎల్‌ఈడీ లైట్లు వీహెచ్ఎఫ్‌ని చెడగొట్టడం మా వైజాగ్ పోర్టు వాళ్ళకి కొత్త కాదు. 2018 ఆగస్టులో అమెరికా కోస్ట్ గార్డ్ ఓడలవాళ్ళందరికీ హెచ్చరిక పంపింది, డెక్ మీద, రేడియో యాంటెన్నాల దగ్గర ఎల్‌ఈడీలు పెట్టుకుంటే వీహెచ్ఎఫ్ మాటలు, ఏఐఎస్ (ఓడ ఎక్కడుందో మిగతావాళ్ళకి చెప్పే సిగ్నలు) దెబ్బతింటున్నాయని. అందులో చెప్పిన పరీక్ష చాలా తేలిక, మీరూ చెయ్యొచ్చు: లైటు ఆపి, ఎవరూ మాట్లాడని ఛానెల్ పెట్టి, స్క్వెల్చ్‌ని నాయిస్ వినపడని హద్దు దగ్గర ఆపండి. లైటు వెయ్యండి. ఇప్పుడు నాయిస్ వినపడితే లైటు నాయిస్ ఫ్లోర్‌ని (అడుగున ఎప్పుడూ ఉండే రొద మట్టాన్ని) పైకి లేపినట్టే.

అన్ని ఎల్‌ఈడీలూ అట్లా ఉండవు. లోపల స్విచింగ్ డ్రైవర్ (కరెంటుని కోసి కోసి ఇచ్చే సర్క్యూటు) పెట్టి ఫిల్టరు ఎగ్గొట్టినవే ఈ పని చేస్తాయి, ఫిల్టరంటే నాలుగు రూపాయల కాయిలు, కెపాసిటరు, అక్కడే మిగుల్చుకుంటారు. కొయ్యకుండా ఇచ్చే లీనియర్ డ్రైవరున్నవి మనకి హాని చెయ్యవు.

కోఠి_టంకం
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు. చేతిసెట్టుతో దిక్కు పట్టడం ఇట్లా: సెట్టుని గుండెకి ఆనించి నిలబడి మెల్లగా చుట్టూ తిరగండి, ఒక దగ్గర సౌండ్ బాగా తగ్గుతుంది, అప్పుడు దొంగ మీ వీపు వెనక ఉన్నట్టు, మీ ఒళ్ళే అడ్డం. ఏఎమ్‌లో వినండి, ఎఫ్ఎమ్‌లో పెద్దదీ చిన్నదీ తేడా తెలీదు. దగ్గరికెళ్ళాక అన్ని వైపులా ఒకేలా వస్తుంది, అప్పుడు యాంటెన్నా పీకేసి దాని చోట చిన్న తీగముక్క గుచ్చండి. ఓపికుంటే టేలర్ టేపు కాదు, ఉక్కు కొలత టేపు ముక్కలు పీవీసీ పైపుకి బిగించి మూడు ఎలిమెంట్ల యాగీ (ఒక దిక్కునే గట్టిగా వినే యాంటెన్నా) కట్టుకోండి, మా హైదరాబాద్‌లో ఫాక్స్ హంటుకి (దాచిపెట్టిన ట్రాన్స్‌మీటర్‌ని వెతికే ఆటకి) కుర్రాళ్ళంతా అవే పట్టుకొస్తారు.

పటమట_శ్రోత
దొరికిందోచ్!!! కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న ఐదున్నరకే సెట్టు పట్టుకుని కిందకి దిగా. వాచ్‌మన్ ఏంటి సార్ పోలీసోళ్ళ వైర్‌లెస్సా అన్నాడు. ఆరుంబావు దాటగానే కాంపౌండు గోడమీద ఫ్లడ్‌లైట్లు ఆరు వెలిగాయి, సెట్టులో గుర్ర్ర్. ఈ లైట్లు రోజూ నువ్వే వేస్తావా అంటే "నేనెయ్యనండీ, చీకటడితే దానంతటదే వెలుగుద్ది, పైన కన్ను పెట్టారు" అన్నాడు. అసోసియేషన్ సెక్రటరీగారు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు (మీటర్ల గదిలో నేను చెయ్యి పెట్టలేదు), ఆయన ఒక్కో లైటు విప్పుతుంటే నేను వింటూ నిలబడ్డా. ఆరింట్లో రెండే దొంగలు, కిందటి దసరాకి పాతవి పోతే చవగ్గా తెచ్చినవి. మిగతా నాలుగూ పాపం ఏ సౌండూ లేదు.

విచిత్రం ఏంటంటే లైట్లు కింద, నేను మూడో ఫ్లోరు, అంత గట్టిగా ఎట్లా వస్తోందని చూస్తే ఆ లైట్ల తీగ మీటర్ల గది నుంచి డాబా మీదున్న ఆ కన్నుదాకా గోడవెంబడి పోయింది, నా బాల్కనీ గ్రిల్లుకి జానెడు దూరంలో! లైటు గుర్రుని పుట్టిస్తే తీగ దాన్ని తెచ్చి నా యాంటెన్నా చెవిలో ఊదుతోందన్నమాట.

ముందు ఫెర్రైట్ రింగులో ఆ తీగ మూడు చుట్లు తిప్పించాం, చాలా తగ్గింది కానీ పోలేదు. చివరికి రెండు లైట్లూ మార్పించారు, సగం డబ్బులు నేనే ఇస్తానన్నా, సెక్రటరీగారు వద్దన్నారు, బదులుగా వాళ్ళబ్బాయికి హ్యామ్ పరీక్షకి చదువు చెప్పాలంట. యాంటెన్నా కూడా డాబా మీదకి మార్చుకోనిచ్చారు. నిన్న రాత్రి స్కానరు ఆగకుండా తిరిగింది, చూస్తూ కూర్చున్నా ఊరికే.

తెనాలి_మీడియంవేవ్
శుభం. ఫెర్రైట్ ఎక్కడ దొరికింది? ఆన్‌లైన్‌లో ఏ రకమో రాయట్లేదు, నల్లగా ఉంటే చాలనుకుంటున్నారు.

కోఠి_టంకం
హెచ్ఎఫ్‌కి 31 రకం, వీహెచ్ఎఫ్‌కి 43 అడగండి. చుట్లు రెట్టింపైతే అడ్డుకునే శక్తి దాదాపు నాలుగింతలు అవుతుంది, కానీ వీహెచ్ఎఫ్‌లో ఎక్కువ చుడితే పక్కపక్క చుట్ల మధ్య కెపాసిటెన్స్ వల్ల రొద దాటిపోయి పని చెయ్యవు, మూడు చాలు. డబ్బులు పెట్టడం ఇష్టంలేకపోతే పాత డబ్బా టీవీ పిక్చర్‌ట్యూబు మెడ మీద కాయిల్‌లో పెద్ద ఫెర్రైట్ ఉంటుంది, ఎర్రగడ్డ ఆదివారం సంతలో తూకానికి దొరికేవి, వీహెచ్ఎఫ్‌కి పెద్దగా ఉపయోగం లేదు, మీ తాతగారి మీడియం వేవ్‌కి మాత్రం బంగారం.

పటమట_శ్రోత
లైట్లు మారాక కూడా డాంగిల్‌లో సరిగ్గా 144.000 దగ్గర సన్నగా ఒక గీత నిలబడి ఉంది, రాత్రీ పగలూ. ఇప్పుడు ఎవరింటికెళ్ళాలి?

బీచ్‌రోడ్డు_వీహెచ్ఎఫ్
యాంటెన్నా పీకి చూడండి, అప్పుడూ ఉంటుంది. డాంగిల్ లోపల క్రిస్టల్ 28.8 మెగాహెర్ట్జ్‌ది. అయిదుతో గుణించండి.

పటమట_శ్రోత
😂😂 పైనింటోళ్ళకి ఒక స్వీటు ప్యాకెట్టు ఇచ్చొస్తా, ఎందుకో చెప్పను.